మందుల కిటికీ దగ్గర అన్ని ప్రశ్నలెందుకు?

పొద్దున్నే ఏడింటికి వచ్చి చీటీ వ్రాయించుకుంటారు. డాక్టరు గారి గది ముందు రెండు గంటలు కూర్చుంటారు. రక్తపరీక్షకు మరో గంట. అన్నీ అయ్యి మందుల కిటికీ దగ్గరకు వచ్చేసరికి మధ్యాహ్నం బస్సు వేళవుతుంది. సరిగ్గా అప్పుడు మేము "మీ పేరు చెప్పండి, ఏ ఊరు, ఓ.పి. నంబరు ఎంత, దేనికి చూపించుకున్నారు, ఇంట్లో వేరే మందులేమైనా వాడుతున్నారా" అని మొదలుపెడతాము. "ఇవన్నీ డాక్టరు గారికి చెప్పాము గదండీ, చీటీలో ఉన్నవి ఇచ్చేస్తే పోతాము" అని చాలామంది విసుక్కుంటారు. మీ విసుగు న్యాయమైనదే. బయట షాపులో రెండు నిమిషాల్లో అయిపోయే పనికి ఇక్కడ పదిహేను నిమిషాలు ఎందుకు పడుతుందో ఈ సంచికలో మీకు చెప్పాలనుకున్నాము. దానికి ముందు మా వల్ల జరిగిన ఒక తప్పు గురించి చెప్పాలి.

మన సంఘాలలో మరియమ్మ, రత్నకుమారి, శాంతమ్మ, ప్రసాదరావు అనే పేర్లు గలవారు ఊరికి నలుగురైనా ఉంటారు. కిటికీలో నుంచి అలాంటి పేరు పిలిస్తే బెంచీల మీద నుంచి ముగ్గురు లేవడం మామూలే. కొన్నేళ్ళ క్రితం ఒక సోమవారం రద్దీలో అలా పిలిచినప్పుడు మాత్రం ఒక్క అమ్మగారే లేచి వచ్చారు. "మీరు ఫలానా అమ్మగారేనా?" అని అడిగాము. "అవునయ్యా" అన్నారు. మందుల కవర్లు చేతికిచ్చాము. ఆమె ఆ పేరు గలావిడే. కాని ఆ మందులు ఆమెవి కావు. అదే పేరు గల రెండో ఆవిడ ఆ సమయానికి మంచినీళ్ళ కోసం బయటకు వెళ్ళారు.

ఆ కవర్లలో షుగరు వ్యాధికి ఇచ్చే గ్లిమిపిరైడ్ మాత్రలున్నాయి. ఈ అమ్మగారు వచ్చింది మోకాళ్ళ నొప్పులకు. ఆమెకు షుగరు లేదు. మరునాడు పొద్దున్న కవరు మీద వ్రాసినట్టుగానే మాత్ర వేసుకుని, టీ తాగి, మిరపకాయల కోతకు వెళ్ళారు. పది గంటలయ్యేసరికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. తోటి కూలీలు ఎండదెబ్బ అనుకుని నీడకు చేర్చి, నోట్లో బెల్లం ముక్క పెట్టి, ఆటోలో మన ఆసుపత్రికే తీసుకువచ్చారు. రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కించగానే తేరుకున్నారు గాని, ఆ మందు ప్రభావం ఒక రోజంతా ఉంటుంది గనుక రాత్రి కూడా వార్డులోనే ఉంచి గంట గంటకు పరీక్ష చేయవలసి వచ్చింది.

ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "జనం ఎక్కువ గదా అయ్యా, జరుగుద్ది" అన్నారు. ఇంటివారిని కూర్చోబెట్టి, తప్పు ఆసుపత్రిదేనని మా పెద్దలు చెప్పారు, ఖర్చేమీ తీసుకోలేదు. కాని ఆ రాత్రి మా ఫార్మసీలో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ పొద్దున ఆమె పనికి పోకుండా ఇంట్లో ఒంటరిగా పడుకుని ఉంటే ఏమయ్యేది?

ప్రశ్న అడిగే తీరు

ఆ వారమంతా కూర్చుని వెతికాము. డాక్టరు గారు సరిగానే వ్రాశారు. మేము తీసిన మందు సరైనదే, మోతాదు సరైనదే, కవరు మీద వ్రాత సరైనదే. చేతులు మాత్రమే మారాయి. దానికి కారణం మేమడిగిన ప్రశ్న. "మీరు ఫలానా వారేనా?" అని అడిగితే, ఆ పేరు గల ప్రతివారూ అవుననే అంటారు. వినికిడి తగ్గిన పెద్దవారైతే ఏ పేరు చెప్పినా తల ఊపుతారు. అందుకని ఇప్పుడు మేము పేరు చెప్పి అడగము. "మీ పేరు చెప్పండి" అంటాము. మీ నోటితో మీరు చెప్పినది చీటీ మీద ఉన్నదానితో సరిపోవాలి. పేరొక్కటే చాలదు, ఓ.పి. నంబరు గాని, ఊరు, వయస్సు గాని కలవాలి. రోగిని గుర్తించడానికి కనీసం రెండు ఆనవాళ్ళు చూడాలన్నది ఆసుపత్రులన్నిటికీ ఉన్న ప్రమాణం. అది మాకు ముందూ తెలుసు. రద్దీలో వదిలేశాము, అంతే.

"దేనికి చూపించుకున్నారు?" అని అడగడం మీ సొంత సంగతులు తెలుసుకోవడానికి కాదు. మీరు మోకాళ్ళ నొప్పులని చెప్పి, మా చేతిలో షుగరు మాత్రలుంటే, అక్కడికక్కడే ఆగిపోతాము. పదిమంది ఎదుట చెప్పడం ఇబ్బందైన జబ్బయితే, పక్కనున్న చిన్న తలుపు దగ్గరకు రండి, లోపల కూర్చుని మాట్లాడవచ్చు.

ఇంకొకటి కూడా మార్చాము. మందులు తీసేవారు ఒకరు, చీటీతో సరిచూసి చేతికిచ్చేవారు వేరొకరు. తన పని తానే సరిచూసుకుంటే కళ్ళు మోసపోతాయి. మనం వ్రాసిన ఉత్తరంలో తప్పులు మనకు కనబడనట్టే ఇదీను. ఇద్దరు చూడడం వల్ల ఆలస్యమయ్యే మాట నిజం. ఆ ఆలస్యాన్ని తగ్గించే ఉద్దేశం మాకు లేదు.

మందుల పేర్లలోనూ కవలలున్నారు

మనుషుల పేర్లతో వచ్చిన చిక్కే మందుల పేర్లతోనూ వస్తుంది. మెట్‌ఫార్మిన్ షుగరుకు, మెట్రోనిడజోల్ రక్త విరేచనాలకు. అమ్లోడిపిన్ బీపీకి, అమిట్రిప్టిలిన్ నరాల నొప్పికి, దిగులుకు. గబగబా వ్రాసిన చీటీలో మొదటి అక్షరాల తరువాత వట్టి గీతే ఉంటే ఏది ఏదో చెప్పలేము. ఇది ఒక్క మన దేశపు కష్టమే కాదు. అమెరికాలో కడుపులో ఆమ్లం తగ్గించే లోసెక్ అనే మందును, ఒంట్లో నీరు తీసే లాసిక్స్‌తో పొరబడుతున్నారని 1990లో మొదటి మందు పేరునే ప్రిలోసెక్ అని మార్చవలసి వచ్చింది.

వెనుక మా బీరువాలలో మందులను ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చుకునేవాళ్ళము. వెతకడానికి అదే సులువు. కాని అక్షరక్రమంలో పేరిస్తే ఒకే రకం పేర్లు గల మందులన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. పొరపాటుకు అంతకంటే అనువైన ఏర్పాటు ఇంకొకటి లేదు. ఇప్పుడు అలాంటి జంటలను వేరు వేరు అరల్లో పెట్టి, ఆ పెట్టెల మీద పసుపు కాగితం అంటించాము. ఇంగ్లీషులో పేరు మధ్యలోని తేడా అక్షరాలను పెద్దవిగా వ్రాసే పద్ధతి ఒకటుంది. మన తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు గదా, మేము ఆ ముక్కను ఎర్ర సిరాతో వ్రాస్తున్నాము.

డాక్టర్లు మందు అసలు పేరును చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాలతో వ్రాయాలని 2016లో భారత వైద్య మండలి తన నియమావళిలో చేర్చింది. మన డాక్టర్లకు మేము అప్పుడప్పుడు గుర్తుచేస్తూనే ఉన్నాము, వారూ నవ్వి ఊరుకోకుండా మార్చుకుంటున్నారు. చీటీలో అక్షరం తెలియకపోతే మేము ఊహించి ఇవ్వము. ఫోను చేసి అడుగుతాము. డాక్టరు గారు ఆపరేషను గదిలో ఉంటే మీరు కూర్చోవలసి వస్తుంది. రాసిన మందు లేనప్పుడు "అలాంటిదే" ఇంకొకటి ఇచ్చేయడానికి చట్టం కూడా ఒప్పుకోదు. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం చీటీలోని మందుకు బదులు వేరొకటి మా అంతట మేము ఇవ్వకూడదు. చీటీ మందులు రిజిస్టరైన ఫార్మసిస్టు ఎదుటే ఇవ్వాలన్నదీ ఆ నియమాలలోనే ఉంది. మా ఫార్మసిస్టుల సర్టిఫికెట్లు కిటికీ పక్కన గోడకు తగిలించి ఉన్నాయి, చూడవచ్చు.

వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర

మేము అన్నిటికంటే ఎక్కువ భయపడే మాత్ర ఒకటుంది. చూడడానికి చిన్నది, పసుపు రంగుది, ఖరీదూ ఎక్కువ కాదు. దాని పేరు మెథోట్రెక్సేట్. చేతివేళ్ళ కీళ్ళు వాచి వంకరపోయే కీళ్ళవాతానికి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి చాలా మంచి మందు. ఎందరో తల్లులు దీనివల్లనే మళ్ళీ జడ వేసుకోగలుగుతున్నారు, బిందె ఎత్తగలుగుతున్నారు. కాని ఈ జబ్బులకు దీన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముకల లోపలి మూలుగలో రక్తం తయారవడం ఆగిపోతుంది. నోరంతా పుండ్లు, జ్వరం, ఒంటి మీద ఎర్రటి మచ్చలు వస్తాయి, ప్రాణానికే ముప్పు వస్తుంది. ప్రపంచంలో చాలా దేశాలలో ఈ ఒక్క పొరపాటుతో మనుషులు చనిపోయారు. వారిలో చాలామంది చీటీలో ఉన్నట్టే వేసుకుంటున్నామని అనుకున్నవారే.

పొరపాటు ఎందుకు జరుగుతుందంటే, మనకు మాత్రలంటే రోజూ వేసుకునేవే. బీపీ మాత్ర రోజూ, షుగరు మాత్ర రోజూ, గ్యాసు మాత్ర రోజూ. ఇంట్లో కోడలో, కొడుకో అన్నీ ఒక డబ్బాలో పోసి రోజుకొకటి ఇస్తారు. దానికి తోడు మెథోట్రెక్సేట్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిను మాత్ర కూడా ఇస్తారు. అదీ చిన్నదే, అదీ పసుపుదే. రెండూ పక్కపక్కన పెడితే ఫార్మసిస్టు కూడా రేకు చూడకుండా చెప్పలేడు.

అందుకని ఈ మందు ఇచ్చేటప్పుడు మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఏ రోజు వేసుకుంటారో మీరే ఎంచుకోండి అంటాము. సంఘానికి వచ్చే కుటుంబాలు ఎక్కువగా ఆదివారం అంటారు, ఆరాధన నుంచి వచ్చి భోజనం చేసి వేసుకుంటామని. బాగుంది, మరచిపోరు. ఆ రోజు పేరును తెలుగులో పూర్తిగా కవరు మీద వ్రాస్తాము. ఇంగ్లీషులో సోమవారం అన్న మాటను ఉదయం అన్న మాటగా పొరబడిన సంగతులున్నాయి, అందుకే కొన్నిచోట్ల ఈ మందుకు సోమవారాన్ని అసలు ఎంచుకోరు. నాలుగు వారాలకు సరిపడా మాత్రమే ఇస్తాము, మూడు నెలలకు ఒకేసారి ఇవ్వము. నెలకు వచ్చినప్పుడు మిగిలిన రేకులు చూపించమంటాము. మాత్రలు లెక్కకంటే ముందే అయిపోతే మాకు తెలిసిపోతుంది. వారానికి ఆరు మాత్రలు వేసుకోమని వ్రాస్తే ఆరూ ఆ ఒక్క రోజే. రోజుకొకటి చొప్పున ఆరు రోజులు కాదు. ఇది మీకు ముందే తెలిసినా మేము మళ్ళీ చెబుతాము, మీ చేత తిరిగి చెప్పిస్తాము. చిన్నపిల్లలకు పాఠం ఒప్పచెప్పించినట్టుంది అని ఒక పెద్దాయన కోప్పడ్డారు. అయినా ఒప్పచెప్పి వెళ్ళారు.

ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతూ నోటిలో పుండ్లు వచ్చినా, జ్వరం వచ్చినా, దగ్గు ఆయాసం పట్టినా మాత్ర ఆపి వెంటనే రావాలి. సెలవు రోజైనా సరే.

సిరంజి మూత రంగు చూడండి

ఇన్సులిన్ వేసుకునేవారికి ఒక మాట. ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాలలో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లుండేది ఒకటి, 100 యూనిట్లుండేది ఇంకొకటి. మన ప్రాంతంలో సీసాలలో వచ్చేది ఎక్కువగా 40ది. దాని సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. 100 దాని సిరంజికి నారింజ రంగు మూత. ఈ రెండూ మారితే లెక్క ఎలా తప్పుతుందో చూడండి. 100 బలం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. అదే 40 బలం మందును నారింజ మూత సిరంజిలో 20 దాకా తీస్తే వెళ్ళేది 8 యూనిట్లే. మొదటి సందర్భంలో స్పృహ తప్పుతుంది, రెండో సందర్భంలో షుగరు తగ్గలేదని డాక్టరు గారు మోతాదు పెంచుతారు, ఆ తరువాత సరైన సిరంజి దొరికిన రోజున ప్రమాదం. సిరంజి అయిపోయిందని పక్క ఊరి షాపులో కొనేటప్పుడు మీ ఇన్సులిన్ సీసాను వెంట తీసుకువెళ్ళండి.

తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మా దగ్గర ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉంది, పొద్దున సాయంత్రం చూసి పుస్తకంలో వ్రాస్తాము. కరెంటు పోతే జనరేటరు మీద నడుస్తుంది. మీకు ఇచ్చేటప్పుడు ఐసు సంచిలో పెడతాము గాని, ఐసుకు నేరుగా తగలనివ్వము. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడడానికి మామూలుగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టండి, ఐసు పేరుకునే చోట వద్దు. ఫ్రిజ్ లేనివారు వెడల్పాటి కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ లోపలి కుండలో నీడపట్టున ఉంచవచ్చు. మే నెల ఎండలకు ఇది చాలా మేలు చేస్తుంది. మూత తెరిచిన సీసాను మామూలుగా నాలుగు వారాలలోగా వాడేయాలి. తెరిచిన తేదీని సీసా మీద మీరే వ్రాసుకోండి.

చిన్నపిల్లల సీసాలు

జ్వరానికిచ్చే పారాసెటమాల్ ఒకటే మందు, కాని మా అరలో మూడు రకాల సీసాలున్నాయి. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మి.గ్రా. సిరప్‌లో ఒక రకానికి 5 మిల్లీలీటర్లకు 125, ఇంకో రకానికి 250. ఎనిమిది కిలోల బిడ్డకు చుక్కల మందు ఒక మిల్లీలీటరు సరిపోతుంది. "సిరప్ ఒక చెంచా పడతాము గదా" అని చుక్కల మందును ఐదు మిల్లీలీటర్లు పడితే ఆ పసిబిడ్డకు 500 మి.గ్రా., అంటే పెద్దవాళ్ళ మాత్ర ఒకటి మొత్తం వేసినట్టు. పాత సీసా అయిపోయి కొత్తది కొన్నప్పుడు దాని మీది అంకె మళ్ళీ చదవాలి, చదవడం రానివారు మాకు చూపించాలి. వంటింటి చెంచాలన్నీ ఒక కొలత కాదు. సీసాతో వచ్చే కొలత మూతనే వాడండి. పొడిగా వచ్చే యాంటిబయోటిక్ సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు గుర్తు దాకా పోసి బాగా కలిపి, సీసా మీద వ్రాసినన్ని రోజులే వాడాలి. సగం మిగిలిందని వచ్చే జ్వరానికి దాచవద్దు.

మందు మా చేతికి వచ్చేముందు

మంచి మందు సరైనవారికి ఇవ్వడం ఒక పని. మా చేతికి వచ్చిన మందు మంచిదో కాదో చూసుకోవడం ఇంకొక పని. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలకు మూత్రం ఆగిపోయి, మూత్రపిండాలు చెడి, ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిందని పరీక్షలో తేలింది. అంతకు ముందు 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో ఇలాగే పసిపిల్లలు పోయారు. ఛింద్‌వాడా వార్త వచ్చినప్పుడు తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా ఫలానా బ్యాచ్ వాడవద్దని ప్రకటించారు.

బ్యాచ్ నంబరు అంటే ఒక విడతలో తయారైన సరుకు గుర్తు. అలాంటి ప్రకటన వచ్చినప్పుడు ఆ బ్యాచ్ మా దగ్గరకు వచ్చిందా, వస్తే ఎవరెవరికి ఇచ్చాము అన్నది గంటలో చెప్పగలగాలి. అందుకే లైసెన్సు గల పంపిణీదారు దగ్గరే, బిల్లులో బ్యాచ్ నంబరుతో సహా కొంటాము. ఎంత తక్కువకు ఇస్తామన్నా బిల్లు లేని సరుకు మా తలుపు దాటదు. మీకిచ్చే రసీదులోనూ ఆ నంబరుంటుంది గనుక రసీదు పారేయకండి. 2023 ఆగస్టు 1 తరువాత తయారైన 300 పేరున్న బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. ఫోనులో దాన్ని చూస్తే తయారీదారు, బ్యాచ్, గడువు వివరాలు కనబడతాయి. ఈ పని పెద్దలకంటే మీ ఇంటి పిల్లలు తొందరగా చేస్తారు.

గడువు గురించి కిటికీ దగ్గర తరచు వాదన జరుగుతుంది. రేకు మీద జూన్ అని ఉంటే జూన్ నెల ఆఖరు రోజు వరకు మంచిదే, ఒకటో తేదీతో అయిపోదు. ముందు గడువు తీరేదాన్ని ముందు ఇవ్వడం మా పద్ధతి. అందుకని మీకొచ్చిన రేకు పక్కవారి రేకుకంటే తక్కువ గడువుది కావచ్చు. మీరు వాడే రోజులకు అది సరిపోతుందో లేదో చూసే ఇస్తాము. పది మాత్రల రేకులో ఆరే కావలసినప్పుడు కత్తిరిస్తాము గదా, గడువు, బ్యాచ్ వ్రాసిన అంచు మా దగ్గరున్న ముక్కకే ఉండేలా కత్తిరిస్తాము. మీ ముక్కకు అవి ఉండవు కాబట్టి కవరు మీద చేత్తో వ్రాసి ఇస్తున్నాము. వ్రాయకపోతే అడిగి వ్రాయించుకోండి.

రేకు మీద ఎడమ పక్కన నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. సెఫిక్సిమ్ లాంటి యాంటిబయోటిక్కులు, క్షయ మందులు, కొన్ని నిద్ర మాత్రలు హెచ్1 అనే జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి ఇవి ఇచ్చినప్పుడల్లా డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో వేరే పుస్తకంలో వ్రాసి మూడేళ్ళు దాచాలి. "పోయినసారి వ్రాసిన మందే గదా, మళ్ళీ ఇవ్వండి" అంటే ఇవ్వలేకపోయేది ఇందుకే. తెలిసినవారు, సంఘపెద్దల ఇంటివారు అడిగినప్పుడు కాదనడం మాకు ఇబ్బందిగానే ఉంటుంది.

మీరు మాకు చెప్పవలసినవి

వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. ఆకు మందులు, పొడులు, ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన పొట్లాలు కూడా. దాచవలసిన పని లేదు, మేము తిట్టము. గుండె కవాటం మార్చినవారు రక్తం పలచబడే మందు వాడుతూ నడుం నొప్పికి బయట నొప్పి మాత్ర కొనుక్కుంటే కడుపులో రక్తస్రావం అవుతుంది. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. అది మందు రంగే, రక్తం కాదు, భయపడి మానేయవద్దు. కాని ఆ మందు వాడే తల్లులకు గర్భనిరోధక మాత్రలు సరిగా పని చేయవు, ఇది ముందే చెప్పుకుంటే వేరే మార్గం చూపించగలము.

మాత్ర రంగో ఆకారమో మారితే వేసుకునేముందు మమ్మల్ని అడగండి. కంపెనీ మారితే రంగు మారుతుంది, మందు అదే. కాని ఒక్కోసారి నిజంగానే మా పొరపాటు కావచ్చు, మీరు అడిగితేనే బయటపడుతుంది. మన అమ్మగారి విషయం తరువాత ఒక మనుమడు ఇలాగే రేకు పట్టుకుని వచ్చి మా తప్పును మాకు చూపించాడు. తాతగారు ఇంకా మాత్ర వేసుకోలేదు.

మందు పడక దద్దుర్లు, వాపు, పెదవుల మీద పుండ్లు వస్తే మందు ఆపి ఆసుపత్రికి రావాలి. ఆ సంగతిని మేము భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి వ్రాసి పంపుతాము. 2010 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమానికి మీరు కూడా 1800-180-3024 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి చెప్పవచ్చు.

మిగిలిన మాత్రలు

"మందు పడలేదు, డాక్టరు గారు మార్చారు, ఈ రెండు రేకులు తీసుకుని డబ్బులివ్వండి" అని మీరడిగినప్పుడు మేము కుదరదంటాము. కూలి డబ్బులతో కొన్న మందు గదా అని మనసులో బాధగానే ఉంటుంది. కాని ఒకసారి కిటికీ దాటిన మందు ఎక్కడ ఉందో మాకు తెలియదు. రేకుల ఇంటి కింద నలభై రెండు డిగ్రీల వేడిలో ఉందో, పొయ్యి పక్కన గూట్లో ఉందో. దాన్ని మళ్ళీ అరలో పెట్టి ఇంకొకరి బిడ్డకు ఇవ్వలేము.

అందుకు మేము చేయగలిగింది ఒకటి చేశాము. ఏదైనా మందు మొదటిసారి మొదలుపెట్టేవారికి నెల చీటీ ఉన్నా ముందు పదిహేను రోజులకే ఇస్తున్నాము. పడితే మిగతాది రెండోసారి తీసుకోవచ్చు. దూరపు ఊళ్ళవారు రెండుసార్లు రావడం కష్టమనుకుంటే కిటికీ దగ్గర ఆ మాట చెప్పండి, మీ ఊరి నుంచి వచ్చే ఇంకెవరి చేతికైనా, మీరు వ్రాసి ఇచ్చిన చీటీ మీద, ఓ.పి. నంబరు చూసి పంపుతాము. గడువు తీరిన మందులు, వాడని మందులు పెంటకుప్పలో వేయకుండా ఓ.పి. ద్వారం దగ్గరున్న తాళం పెట్టెలో వేయండి. దాని తాళంచెవి ఫార్మసీలోనే ఉంటుంది, అందులోవి ఆసుపత్రి వ్యర్థాలతో పాటు కాల్చడానికి వెళతాయి.